కొండ మెట్లు ఎక్కేవారికి ఏ వాచీ మేలు: గెలాక్సీ వాచ్ 7? గార్మిన్ ఫోర్‌రన్నర్ 165?

బైరాగిపట్టెడ మాస్టారు:

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. వయసు యాభై దాటింది. రక్తపోటుకు రోజూ ఉదయం ఒక మాత్ర వేసుకుంటాను. నడక మానవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పినప్పటి నుంచి తెల్లవారుజామున ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో నడుస్తున్నాను. ఆయన అనుమతితోనే, వీలు కుదిరిన శనివారాల్లో అలిపిరి నుంచి కొండకు మెట్ల దారిన వెళ్తున్నాను. గాలిగోపురం చేరేలోపు గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, ఎక్కడ ఆగి అలుపు తీర్చుకోవాలో తెలిస్తే బాగుంటుందని ఒక స్మార్ట్ వాచ్ కొనదలచాను.

రెండింటి దగ్గర ఆగిపోయాను: శామ్‌సంగ్ గెలాక్సీ వాచ్ 7, గార్మిన్ ఫోర్‌రన్నర్ 165. మొదటిదానిలో ఈసీజీ, రక్తపోటు కూడా చూసుకోవచ్చని దుకాణంలో చెప్పారు. రెండోది ఒకసారి ఛార్జింగ్ పెడితే పదకొండు రోజులు వస్తుందట. నా ఫోను మోటోరోలా. ఇప్పట్లో దాన్ని మార్చే ఆలోచన లేదు. వీటిని వాడినవారు, తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

శేషాచలం నడక:

మాస్టారూ, మీ ప్రశ్నకు సగం జవాబు మీ ఫోనులోనే ఉంది. గెలాక్సీ వాచ్ 7 ఏ ఆండ్రాయిడ్ ఫోనుతోనైనా కలుస్తుంది కానీ, దుకాణంవారు ముందుగా చెప్పిన ఆ రెండు సదుపాయాలూ, అంటే ఈసీజీ, రక్తపోటు, శామ్‌సంగ్ హెల్త్ మానిటర్ అనే యాప్ ద్వారా పనిచేస్తాయి. ఆ యాప్ శామ్‌సంగ్ ఫోన్లకే పరిమితం. మోటోరోలా ఫోనుతో వాడితే ఏవి చూసి మీరు ఆ వాచీ వైపు మొగ్గుతున్నారో అవే మీకు దక్కవు. ఈ సంగతి అమ్మేవారు చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తోంది, ఎందుకంటే ఆరోగ్యం కోసం కొనే పెద్దవారే ఈ మాటలు నమ్మి డబ్బు పెడుతున్నారు. గార్మిన్‌కు ఇలాంటి షరతు లేదు. ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా గార్మిన్ కనెక్ట్ యాప్ ఒకేలా పనిచేస్తుంది. అయితే ఫోర్‌రన్నర్ 165లో అసలు ఈసీజీ సదుపాయమే లేదని కూడా గుర్తుంచుకోండి.

ఇక మెట్ల దారి సంగతి. అలిపిరి దారిలో సుమారు 3550 మెట్లు ఉన్నాయి, చాలా భాగం పైకప్పు కింద సాగుతుంది. గెలాక్సీ వాచ్ 7కు రెండు పౌనఃపున్యాల్లో జీపీఎస్ సంకేతాలు అందుకునే శక్తి ఉంది, ఫోర్‌రన్నర్ 165కు లేదు. ఎత్తైన భవనాల మధ్య గోడలకు తగిలి వచ్చే సంకేతాల వల్ల కలిగే పొరపాట్లను ఆ రెండో పౌనఃపున్యం బాగా తగ్గిస్తుంది. కానీ నెత్తి మీద కప్పు ఉన్నప్పుడు సంకేతమే బలహీనపడుతుంది కనుక, అక్కడ రెండు వాచీలు చూపే దూరాన్నీ ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. మెట్లెక్కేవారికి దూరం కన్నా ఎత్తు ముఖ్యం. దాన్ని కొలిచే గాలి పీడన సెన్సర్ రెండింటిలోనూ ఉంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదలను బట్టి వాచీ ఎత్తు లెక్కగడుతుంది, సుమారు మూడు మీటర్లకు ఒక అంతస్తు చొప్పున చూపిస్తుంది. దీనికి జీపీఎస్‌తో పనిలేదు కాబట్టి కప్పు కింద కూడా నమ్మదగినదే. వాన మబ్బు కమ్మినప్పుడు మాత్రం వాతావరణ పీడనం కూడా మారి లెక్క కాస్త తేడా రావచ్చు.

నా మొగ్గు గార్మిన్ వైపే. దానికి ఐదు బటన్లు ఉన్నాయి. నిటారుగా మెట్లుండే మోకాళ్ల పర్వతం దగ్గర చేతులు చెమటతో తడిసి ఉన్నప్పుడు తెరను వేలితో తాకి పని చేయించడం కష్టం, బటన్ నొక్కడం తేలిక. పదకొండు రోజులన్నది జీపీఎస్ వాడకుండా చెప్పే లెక్క. జీపీఎస్ ఎడతెగకుండా నడిపితే 19 గంటలు అని కంపెనీ చెబుతోంది. అది కూడా కొండెక్కి దిగడానికి చాలా ఎక్కువే. గెలాక్సీని మాత్రం దాదాపు రోజూ ఛార్జింగ్ పెట్టాల్సి వస్తుంది, రాత్రి నిద్రను కూడా గమనించాలంటే ఏ స్నానం వేళనో ఆ పని చూసుకోవాలి.

మందుల అంగడి:

నేను ఫార్మసీ రంగంలో ఉన్నాను కాబట్టి వాచీల పోటీ పక్కన పెట్టి మరో మాట చెబుతాను. మాస్టారు వేసుకునే మాత్ర ఏదో ముందు చూసుకోవాలి. అది మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి బీటా బ్లాకర్ అయితే గుండె వేగాన్ని పెరగనివ్వకుండా అదుపులో ఉంచుతుంది. వాచీలు సాధారణంగా 220 నుంచి వయసు తీసివేసి గరిష్ఠ గుండె వేగం అంచనా వేస్తాయి, దాన్ని బట్టి తేలిక, మధ్యస్థం, కఠినం అని వ్యాయామాన్ని విభజిస్తాయి. ఈ మాత్ర వేసుకునేవారికి ఆ విభజన సరిపోదు. ఆయాసంతో రొప్పుతున్నా వాచీ మాత్రం తేలికపాటి నడక అని చూపవచ్చు. అందుచేత మీకు ఎంత వేగం దాటకూడదో మీ డాక్టరుగారినే అడిగి, ఆ సంఖ్యను వాచీలో మీరే నమోదు చేసుకోండి. మాత్రను మాత్రం సొంతంగా మార్చకండి, మానకండి.

రేపు మీరు శామ్‌సంగ్ ఫోను కొన్నా, ఆ వాచీలోని రక్తపోటు కొలతకు 28 రోజులకొకసారి మామూలు చేతిపట్టీ యంత్రంతో సరిచూసుకోవలసి ఉంటుంది. ఆ యంత్రం ఎలాగూ ఇంట్లో ఉండాలన్నప్పుడు రోజూ దానితోనే చూసుకోవడం మంచిది. వాచీ ఈసీజీ కూడా ఒకే లీడ్‌తో, అంటే గుండె విద్యుత్ సంకేతాన్ని ఒకే కోణం నుంచి చూసి, తీసేది. గుండె లయ తప్పడాన్ని, ముఖ్యంగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను (గుండె పైగదులు క్రమం లేకుండా కొట్టుకోవడాన్ని), పట్టుకోగలదు కానీ గుండెపోటును గుర్తించలేదు. ఛాతీలో బరువు, ఎడమచేతి లాగుడు, చల్లటి చెమట వంటివి కనిపిస్తే వాచీ చూస్తూ కూర్చోకుండా అక్కడే ఆగి, పక్కవారిని పిలిచి, 108కి ఫోన్ చేయించాలి. గుండె జబ్బు, ఉబ్బసం, రక్తపోటు ఉన్న పెద్దవారు నడకదారిన రావద్దని టీటీడీ కూడా సూచిస్తోంది కాబట్టి, డాక్టరుగారి అనుమతిని అప్పుడప్పుడూ మళ్లీ తీసుకుంటూ ఉండండి.

శ్రీవారిమెట్టు:

పై ఇద్దరితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, గెలాక్సీకి ఒక న్యాయం జరగాలి. ఒంటరిగా నడిచే పెద్దవారు గట్టిగా పడిపోతే అది గుర్తించి ఇంట్లోవారికి సందేశం పంపే సదుపాయం అందులో ఉంది. సొంతంగా మొబైల్ నెట్‌వర్క్‌కు కలిసే ఎల్‌టీఈ నమూనా తీసుకుని జియో లేదా ఎయిర్‌టెల్ ఈసిమ్ (కార్డు లేకుండా వాచీలోనే నమోదయ్యే సిమ్) పెట్టించుకుంటే ఫోను వెంట లేకపోయినా ఆ సందేశం వెళ్తుంది. గార్మిన్‌లోనూ ఇటువంటిది ఉంది, అయితే అది మీరు నడకను నమోదు చేస్తున్నప్పుడే, ఫోను దగ్గర ఉంటేనే పనిచేస్తుంది. మాస్టారు ఫోను జేబులో పెట్టుకునే నడుస్తారా, ఇంట్లో వదిలేస్తారా అన్నది నాకు ముఖ్యమైన ప్రశ్న.

శ్రీవారి ఆలయంలోకి ఎలక్ట్రానిక్ వస్తువులను అనుమతించరు. కనుక దర్శనానికి వెళ్లే రోజు ఫోనుతో పాటు వాచీని కూడా కౌంటరులో ఇవ్వడమో, గదిలో భద్రపరచడమో చేయాలి.

బైరాగిపట్టెడ మాస్టారు:

ముగ్గురికీ మనఃపూర్వక ధన్యవాదాలు. చీటీ తీసి చూసుకున్నాను, నా మాత్ర మెటోప్రొలాలే. ఫోను ఎప్పుడూ జేబులోనే ఉంటుంది, శ్రీమతి కూడా సాధారణంగా తోడు వస్తుంది. కాబట్టి గార్మిన్ వైపే మనసు మొగ్గుతోంది. మెట్లెక్కేటప్పుడు పక్కన ఉన్న కమ్మీ పట్టుకుంటూ ఉంటాను; మణికట్టు దగ్గర కొలిచే గుండె వేగం అప్పుడు సరిగా ఉంటుందా?

శేషాచలం నడక:

మంచి ప్రశ్న. ఈ వాచీలు ఆకుపచ్చ కాంతిని చర్మంలోకి పంపి, నెత్తురు దాన్ని ఎంత పీల్చుకుంటోందో చూసి నాడిని లెక్కిస్తాయి. కమ్మీని బిగించి పట్టుకుని మణికట్టు వంచినప్పుడు వాచీ చర్మం నుంచి లేచి, బయటి వెలుతురు లోపలికి వస్తుంది. అప్పుడు అంకె గెంతులు వేస్తుంది. కమ్మీ పట్టని చేతికి, మణికట్టు ఎముకకు కొంచెం పైన, జారకుండా పెట్టుకోండి. ఎక్కడం పూర్తయ్యాక పట్టీ వదులు చేసి చెమట తుడుచుకుంటే దద్దుర్లు రావు. అయినా నమ్మకం కుదరకపోతే ఛాతీకి కట్టుకునే పట్టీని విడిగా కొని ఫోర్‌రన్నర్‌కు కలుపుకోవచ్చు, అది గుండె విద్యుత్ సంకేతాన్నే నేరుగా చదువుతుంది. కొనే రోజు మీ ఫోను వెంట తీసుకెళ్లి, దుకాణంలోనే రెంటినీ జతచేయించి, తెలుగులో ఒక సందేశం పంపించుకుని అక్షరాలు వాచీ మీద సరిగా కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. వారంటీ మరమ్మతు తిరుపతిలోనే చేస్తారో, వేరే ఊరికి పంపుతారో కూడా బిల్లు కట్టకముందే అడగండి.