రెండు 3090 కార్డులు, ఒకే వాటర్ లూప్: సిరీసా, ప్యారలలా?

గొట్టాలగోల:
రెండు ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డులు ఒకే కంప్యూటర్ కేసులో ఉన్నాయి. గేమ్స్‌కి కాదు, రెండర్లకీ ఏఐ మోడల్స్‌కీ. రాత్రంతా ఫుల్ లోడ్. కింది కార్డు వదిలిన వేడిగాలినే పై కార్డు పీలుస్తోంది, ఫ్యాన్ల మోతకి ఆ గదిలో నిద్ర పట్టదు. అందుకే కస్టమ్ లూప్ ఆలోచన, అంటే గొట్టాల్లో నీళ్లు తిప్పి కార్డుల్ని చల్లబరచడం. కేసులో పైన ఒక 360, ముందు ఒక 360 ఎంఎం రేడియేటర్ (ఒక్కోదానికి మూడు ఫ్యాన్లు) పడతాయి. సీపీయూని కూడా కలిపేయాలా? సిరీస్‌లో, అంటే నీళ్లు ఒక కార్డు దాటాక ఇంకోదానికి వెళ్లేలా పెడితే, రెండో కార్డుకి వేడినీళ్లే వెళ్తాయి కదా, అదొక టెన్షన్.

నీళ్లలెక్క:
ఆ టెన్షన్ వదిలేయండి. ఒక్కో కార్డు 350 వాట్లు. నిమిషానికి 4 లీటర్లు తిరుగుతుంటే ఒక కార్డు దాటేసరికి నీళ్లు వేడెక్కేది సుమారు 1.25 డిగ్రీలు. ఫ్లో సగానికి పడినా 2.5. దీని కోసం రెండు కార్డుల మధ్య రేడియేటర్ ఇరికించి గొట్టాలు మెలికలు తిప్పేవాళ్లున్నారు, శుద్ధ దండగ.

చూడాల్సింది రేడియేటర్ల సైజు. ఒక్కో 120 ఎంఎం ఫ్యాన్ జాగాకి 100 వాట్లు అనేది అందరూ వాడే మోటు లెక్క. మీకు ఆరు ఫ్యాన్లు, అంటే 600 వాట్లు. కార్డులే 700 తింటాయి. సీపీయూకి గాలి కూలరే ఉండనివ్వండి.

గొట్టాలగోల:
ఆ వంద వాట్ల తేడాకి ఫ్యాన్ల స్పీడు పెంచితే చాలదా అండీ?

నీళ్లలెక్క:
చాలుతుంది. కానీ మీరు పారిపోతున్నది ఆ మోత నుంచే కదా! దానికంటే డ్రైవర్‌తో వచ్చే ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ కమాండ్‌తో ఒక్కో కార్డు పవర్ లిమిట్ 280కి దించండి. వేగం కొద్దిగానే తగ్గుతుంది, రెండూ కలిపి 560 దగ్గర ఆగుతాయి. ఫ్యాన్లని మాత్రం కార్డు టెంపరేచర్‌కి కాదు, నీళ్ల సెన్సర్‌కి కట్టండి. లేదంటే లోడ్ పడ్డ ప్రతిసారీ ఊరికే గుయ్యిమంటాయి.

డీ5భక్తుడు:
నా ఓటు ప్యారలల్‌కే, నీళ్లు రెండుగా చీలి ఒకేసారి రెండు కార్డులకీ వెళ్తాయి. అడ్డు తక్కువ, ఒక్క డీ5 పంపు హాయిగా లాగేస్తుంది. కాకపోతే కార్డుల మీద బిగించే రెండు నీళ్ల బ్లాకులూ ఒకే మోడల్ అయి ఉండాలి. వేర్వేరువైతే నీళ్లు సులువుగా పోయే దారినే పడతాయి, రెండోది ఎండుతుంది.

బుడగలబాబు:
అన్నా, ప్యారలల్‌లో గాలి సంగతి చెప్పలేదు. నాది కూడా రెండు కార్డుల లూపే. నింపాక పై బ్లాకులో, సన్నటి గాట్ల మీద, గోరంత బుడగ కూర్చుంది. పంపు పూర్తి స్పీడులో పెట్టినా కదల్లేదు, నీళ్లన్నీ కింది కార్డు గుండా పోతున్నాయి మరి. కేసుని అటూ ఇటూ వంచితే గానీ వదల్లేదు. సిరీస్‌లో ఉన్న నీళ్లన్నీ అదే దారిన పోవాలి కాబట్టి బుడగని తోసుకుపోతాయి. డీ5 పంపుకి రెండు బ్లాకుల సిరీస్ ఏమంత బరువు కాదు.

డీ5భక్తుడు:
వంచితే పోయే బుడగకి ఇంత గొడవా తమ్ముడూ :) సరే, మొదటిసారి కట్టేవాళ్లకి సిరీసే మంచిదంటే కాదనను.

ప్యాడ్‌మాస్టర్:
అందరూ కోర్ (కార్డులోని ప్రధాన చిప్) గురించే మాట్లాడుతున్నారు. 3090లో అసలు తలనొప్పి మెమరీ. 24 చిప్‌లలో 12 బోర్డు వెనక ఉంటాయి, మామూలు బ్లాకు వాటిని ముట్టుకోదు. కోర్ 50 దగ్గర చల్లగా ఉన్నా వెనక మెమరీ కాలిపోతుంటుంది. మీ పనికి మెమరీ మీదే భారం, కాబట్టి వెనక కూడా నీళ్లు వెళ్లే బ్యాక్‌ప్లేట్ దొరికితే తీసుకోండి. దాని మందం వల్ల పై కార్డు తగలకుండా చూసుకోవాలి. లేదంటే వేడిని లాగే మంచి థర్మల్ ప్యాడ్లు వేసి, బ్యాక్‌ప్లేట్ మీదికి ఒక ఫ్యాన్ తిప్పండి.

ప్యాడ్ మందం మాన్యువల్‌లో ఎంతుంటే అంతే. అర మిల్లీమీటరు ఎక్కువైనా బ్లాకు పైకి లేచి కోర్‌కి సరిగా ఆనదు. బ్లాకు కొనేముందు మీ కార్డు బోర్డు మోడల్ సరిచూసుకోండి, 3090 అని రాసున్న ప్రతి బ్లాకూ ప్రతి 3090కీ పట్టదు.

లీకులరాణి:
నా వంతు. అల్యూమినియం రేడియేటర్ చవగ్గా వస్తుందని తీసుకోవద్దు, రాగి బ్లాకులతో కలిస్తే తుప్పు ఖాయం. కొత్త రేడియేటర్ని లూప్‌లో పెట్టే ముందు బాగా కడగండి, లోపలి చెత్త వచ్చి చేరేది బ్లాకు గాట్లలోనే. పని మెషీన్ కాబట్టి గట్టి గొట్టాల షోకు వద్దు, ఈపీడీఎం రబ్బరు గొట్టం వేయండి. లూప్‌లో అన్నిటికంటే కింద ఒక డ్రైన్ వాల్వ్ తప్పనిసరి. కార్డు తీయాల్సొచ్చిన రోజు దాని విలువ తెలుస్తుంది.

నీళ్లు పోసే ముందు చేతిపంపుతో గాలి నింపి అర బార్ దగ్గర వదిలేయండి, ముల్లు దిగకపోతే లీకు లేనట్టే. నింపేటప్పుడు పంపుకి తప్ప దేనికీ కరెంటు ఇవ్వొద్దు, పంపు మాత్రం ఎప్పుడూ పొడిగా తిరగకూడదు.

గొట్టాలగోల:
సిరీస్, సీపీయూ గాలికే, పవర్ లిమిట్ 280, రబ్బరు గొట్టాలు. ఫిక్స్. రెండు కార్డుల్ని కలపడానికి బ్రిడ్జ్ కొననా, గొట్టం ముక్క వేయనా?

బుడగలబాబు:
బ్రిడ్జ్ నీట్‌గా ఉంటుంది కానీ స్లాట్ల మధ్య దూరానికి సరిగ్గా సరిపోవాలి. బోర్డు మారితే అది పనికిరాదు. ముందు ఆ దూరం కొలిచి ఇక్కడ పెట్టండి, అప్పుడు చూద్దాం.