పెద్దన పద్యంలో ఆ సున్న ఉందా, లేదా?

నీలిగీత:
2027లో జర్మనీలో, డ్యూసెల్డార్ఫ్, మాన్‌హైమ్ నగరాల్లో, పురుషుల ఐస్ హాకీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఉంది. దాని మీద తెలుగులో ఒక పరిచయ వ్యాసం తయారవుతోంది. 16 జట్లు, ఎనిమిదేసి చొప్పున రెండు గుంపులు, 20 నిమిషాల భాగాలు మూడు, ఇవన్నీ రాయడం తేలికే. చిక్కల్లా ఆటగాళ్ళు కర్రతో కొట్టే రబ్బరు బిళ్ళ, ‘పక్’ దగ్గరే. అది ఐసు మీద పోయే తీరుకు, మనుచరిత్రలో హిమాలయాన్ని వర్ణించిన పెద్దన మాట ఒకటి నోట్లో ఆడుతోంది: ‘పటల ముహుర్ముహుర్లుంఠదభంగ తరంగ మృదంగ నిస్వన’. లుంఠత్ అంటే దొర్లుతూ అనే కదా? ‘లుంఠద్బిళ్ళ’ అని శీర్షిక పెడితే బాగుంటుందా?

ఛందోగి:
సున్న లేదండీ. ‘లుఠత్’. ఆ ‘అటజని కాంచె’ పద్యం చంపకమాల కాబట్టి న జ భ జ జ జ ర నడవాలి. పటల - న. ముహుర్ము - జ. హుర్లుఠ - భ. మీరన్నట్టు లుంఠ చేస్తే హుర్లుంఠ తగణమై భగణం కూలిపోతుంది. ఆ పాదంలో ఇంకో సొగసుంది. చివరి రగణానికి నిస్వన ఒక్కటే చాలదు. ‘న’ లఘువు, కింది పాదం ‘స్ఫుట’తో మొదలవుతుంది కనుక గురువైంది. చదివేటప్పుడు పాదం చివర ఊపిరి తీసుకుంటే ఆ ముడి వినబడదు.

పాతపలక:
ఛందస్సు సరే, అర్థం కూడా ఒప్పుకోదు. లుఠతి అంటే దొర్లుతుంది. లుంఠనమంటే దోపిడీ, లుంఠాకుడు దొంగ. సున్న పెడితే హిమాలయపు సెలయేళ్ళ అలలు దారిదోపిడీ చేస్తున్నట్టు అవుతుంది. పైగా ‘లుంఠద్బిళ్ళ’ వైరిసమాసం. సంస్కృత శత్రంతానికి (‘దొర్లుతూ’ వంటి రూపానికి) తెలుగు బిళ్ళ అతకదు.

నీలిగీత:
సున్న విషయం ఒప్పుకుంటున్నాను, పద్యం సరిచేసినందుకు కృతజ్ఞతలు. కానీ దోపిడీ అర్థం ఇక్కడ పనికిరాకపోదు. ఎదుటివాడి కర్ర కొన నుంచి పక్ లాక్కోవడం ఈ ఆటలో పెద్ద విద్య. దానికి ‘లుంఠనం’ అంటే తప్పా?

కర్రకొన:
మాట సంగతి తర్వాత. అసలు పక్ దొర్లకూడదు! దొర్లిందంటే ఏదో చెడినట్టే. అది బంతి కాదు. వల్కనైజ్ చేసిన రబ్బరు బిళ్ళ, 3 అంగుళాల అడ్డకొలత, ఒక అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాముల బరువు. బల్లపరుపుగా పడుకుని జారాలి. ఆటకు ముందు దాన్ని గడ్డకట్టించి ఉంచుతారు. రబ్బరు వెచ్చబడితే ఎగురుతుంది, ఎగిరి అంచు మీద నిలబడితే చక్రంలా దొర్లుతుంది. అంచు మీదున్న పక్‌ను కొడితే గాలిలో అల్లల్లాడుతూ పోతుంది, గురి నిలవదు. కర్ర పలక మీద చదునుగా పడుకున్న పక్‌నే మడమ వైపు నుంచి కొన వైపు జార్చి కొడితే గిర్రున తిరుగుతూ నిలకడగా వెళ్తుంది. తన చుట్టూ తాను తిరగడం వేరు, దొర్లడం వేరు. కాబట్టి లుఠత్ అయినా లుంఠత్ అయినా ఆ శీర్షిక తప్పు.

పాతపలక:
అయితే జారుడుబిళ్ళ.

ఛందోగి:
రాసేటప్పుడు జాగ్రత్త. జారడం అసలు ‘జాఱు’, బండిరతో. సాధురేఫతో, అంటే మామూలు ‘ర’తో రాసిన ‘జారుడు’ సంస్కృతపు జారుడు, అంటే విటుడు. బండిర పోయాక రెండూ ఒకటైపోయాయి. జాఱుడుబండకు వచ్చిన ప్రమాదమేమీ లేదు, పక్కన బండ ఉంది గనక అర్థం తెలిసిపోతుంది. కొత్త మాటకు ఆ ఆసరా ఉండదు. జాఱుడుబిళ్ళ అని బండిరతోనే అచ్చువేయించండి.

కర్రకొన:
నేటి పాఠకుడు ఱ చూసి అచ్చుతప్పనుకుంటాడండీ.

గోదారిగట్టు:
బిళ్ళ మాత్రం వదలొద్దు. తొక్కుడుబిళ్ళలో బిళ్ళ కూడా నేల మీద చదునుగా జారేదే, పాదంతో గీత దాటించేదే. గీత మీద పడితే ఆట పోతుంది. గీతల గొడవ ఇక్కడా అంతే కదా? ఒక్క సందేహం: ఇంగ్లీషు మాటే ఉంచి చివర ఉకారం చేరిస్తే ‘పక్కు’ అవుతుంది. తెలుగులో పక్కంటే పుండు ఎండి పైన కట్టే పెచ్చు. అది మాత్రం వద్దు.

నీలిగీత:
పక్కు సంగతి తట్టనేలేదు, భలే పట్టుకున్నారు. గీతల మాట నిజం. అవతలి జట్టు వైపున్న నీలిగీతను ఆటగాడు పక్ కన్నా ముందు దాటితే ఆఫ్‌సైడ్ అనే తప్పు. తమ సగంలోంచి కొట్టిన పక్ ఎవరికీ తగలకుండా అవతలి గోలుగీత దాటిపోతే ఐసింగ్. శిక్ష వల్ల ఒకడు తక్కువై ఆడుతున్న జట్టుకు మాత్రం ఐసింగ్ వర్తించదు. వాళ్ళు ఊపిరి తీసుకోవడానికి కావాలనే దూరంగా కొట్టేస్తారు. ఐసింగ్‌కు మాట ఎవరైనా చెప్పండి.

పాతపలక:
ముందు ఐసుకు చెప్పండి! మంచు అంటే తెల్లవారుజామున గడ్డి మీదున్నదీ మంచే, హిమాలయం మీదున్నదీ మంచే. అమరకోశంలో చూస్తే అవశ్యాయం, నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం, మిహిక. ఇన్ని మాటల్లోనూ ఆటగాడు నిలబడే గట్టి గడ్డ కనబడదు. ‘మంచుగడ్డ’ అంటే ముక్క అనిపిస్తుంది, నేల అనిపించదు.

గోదారిగట్టు:
పెద్దన పద్యంలో అయితే మంచే లేదు! శీతశైలమని చివర్న పేరు చెప్పాడు. లోపల సెలయేళ్ళు, అలల మృదంగం, ఆ మోతకు పురివిప్పే నెమళ్ళు, ఏనుగులు తొండాలతో ఊపుతున్న సాలవృక్షాలు. ఒక్క మంచు తునక లేదు. మంచు పని తర్వాత, ప్రవరుడి కాలి పసరు కరిగినప్పుడు.

ఛందోగి:
అందుకే ఆ పద్యం గొప్పది. చలి అనే మాటను ఒక్క ‘శీత’లో పెట్టేసి, మిగిలినదంతా చప్పుడుకు వదిలాడు. ‘కలాప కలాపి’ దగ్గర నాలుక ఒకసారి ఆగి తిరుగుతుంది చూడండి, నెమలి తిరిగినట్టు. కంటికన్నా ముందు చెవికి చూపించిన హిమాలయం అది.

కర్రకొన:
చప్పుడు అన్నారు గనక. ఆ నేలను ఒకేసారి గడ్డకట్టించరు. చల్లటి కాంక్రీటు మీద పలచగా నీళ్ళు చల్లి, ఆ పొర బిగిశాక తెల్లరంగు, గీతలు వేసి, మళ్ళీ పొరలు పోస్తారు. మొత్తం కలిపి 3 సెంటీమీటర్ల లోపు, అటూఇటూ. ఒక భాగం ఆడేసరికి స్కేట్లు చెక్కిన పొడి పైన పేరుకుంటుంది. పక్ దానికి అడ్డుపడి మందగిస్తుంది, ఎగిరి అంచు మీదికీ లేస్తుంది. విరామంలో యంత్రం వచ్చి పైపొర గీకి, పొడి ఎత్తేసి, వేడినీళ్ళు పరుస్తుంది. చన్నీళ్ళు కాదు. వేడినీళ్ళు గీతల్లోకి దిగి పాత గడ్డను కాస్త కరిగించి అతుక్కుంటాయి. కొత్త పొర మీద మొదటి నిమిషాల్లో పక్ ‘సర్రున’ పోతుంది. చివరి నిమిషాల్లో ‘జర్రున’.

పాతపలక:
జర్రున అంటేనే జారడం కదా! బురదలో కాలు జర్రున జారుతుంది. కొత్త పొరకే జర్రున అనాలి.

గోదారిగట్టు:
కాదండీ, బురదలో కాలికి రాపిడి ఉంటుంది, ఆ రాపిడే ‘జ’. సర్రున అంటే ఆనవాలు లేకుండా. పాము సర్రున పోతుంది.

ఛందోగి:
పాముకు ‘సర్పం’ ఎందుకన్నారు మరి? సృప్ ధాతువే జారి పోవడం. నీలిగీత గారూ, లుఠత్ తీసేసి ‘సర్పత్’ పెట్టండి, గణం కూడా చెడదు.

కర్రకొన:
ఆ పాములు పాకుతాయండీ, 160 కిలోమీటర్ల వేగంతో పోవు.

నీలిగీత:
‘సర్పత్’ వేస్తే గణం చెడదన్నారు. హుర్లుఠ స్థానంలో ‘హుస్సర్ప’ పడితే మళ్ళీ తగణమే కదా? లేక నా లెక్కలో తప్పుందా?