ఆఫ్రికన్ మాస్కులు, బొమ్మలు: కొనేముందు ఏం చూడాలి?

కొయ్యబొమ్మ:
చిన్న గ్యాలరీ పెడుతున్నాం. ఒక పాత సేకరణ నుంచి రెండు డాన్ మాస్కులు (పశ్చిమ ఆఫ్రికా డాన్ ప్రజలవి), నైజీరియా యోరుబా ప్రజలు కవలల కోసం చెక్కే ఇబేజీ బొమ్మల జంట, మాలీదని చెబుతున్న ఒక టెర్రకోట తల బేరానికి వచ్చాయి. చెక్క వస్తువులకు కార్బన్ పరీక్ష చేయించి ఇస్తామంటున్నారు. అది చాలా? ఒక మాస్కు కింద సన్నటి పొడి రాలుతోంది, దానికేం చేయాలి?

భూతద్దం:
కార్బన్ పరీక్ష ఆ చెట్టు ఎప్పుడు పెరిగిందో చెబుతుంది, ఉలి ఎప్పుడు పడిందో చెప్పదు. పైగా 1650 తర్వాతి చెక్కకు ఫలితం ఒకచోట నిలవదు, ఇరవయ్యో శతాబ్దం దాకా ఎక్కడైనా పడొచ్చు. మార్కెట్లో దొరికే మాస్కులు దాదాపు అన్నీ ఆ కాలానివే. 1950ల తర్వాత, అణుపరీక్షల కాలంలో పెరిగిన చెక్కను పట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

మాస్కును తిరగేసి చూడండి. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేసి, పది రెట్ల భూతద్దం పెట్టండి. నుదురు, చెంపలు, గడ్డం తగిలేచోట చెమటకు, జిడ్డుకు చెక్క నల్లబడి నునుపెక్కాలి, మిగతాచోట పొడిగా ఉండాలి. లోపలంతా ఒకే నలుపైతే అది పూసిన రంగు. అంచు రంధ్రాలు తాడు లాగేవైపే అరుగుతాయి. చుట్టూ సమంగా, పదునుగా ఉంటే ఆ మాస్కును ఎవరూ కట్టుకోలేదన్నమాట. లోపల బాడిశ దెబ్బలు కనబడాలి. సన్నటి సమాంతర గీతలుంటే గరుకు కాగితం పని.

పురుగు రంధ్రాలు చూసి మురిసిపోకండి. పురుగు చెక్క లోపల సొరంగం తవ్వుతుంది, పైకి గుండ్రటి రంధ్రమే కనబడుతుంది. సొరంగాలు కాలువల్లా పైకి తెరుచుకుని ఉంటే, పుచ్చిన చెక్కను తెచ్చి చెక్కారనో, తర్వాత అరగదీశారనో అనుకోవాలి.

ఇబేజీలను కడిగి, నూనె రాసి, తినిపిస్తున్నట్టు నోటికి తాకిస్తారు. అందుకే కళ్లూ ముక్కూ అరిగి, జడ చాళ్లలో నీలం రంగు, మడతల్లో ఎర్రటి చెక్కపొడి మిగులుతాయి. వేలు దూరని సందులు కూడా అరిగి ఉంటే నమ్మకండి.

రసీదు ముఖ్యం:
ఆ టెర్రకోట తల వద్దు. మాలీలోని నైజర్ లోయ టెర్రకోటలు ఐకామ్ (అంతర్జాతీయ మ్యూజియంల మండలి) వారి రెడ్ లిస్టులో, అంటే దొంగరవాణా ముప్పున్న వస్తువుల జాబితాలో ఉన్నాయి. అమెరికా 1993 నుంచే వాటి దిగుమతిని కట్టడి చేసింది. యూరోపియన్ యూనియన్‌లోకి తేవాలంటే, 2025 జూన్ 28 నుంచి 250 ఏళ్లు దాటిన తవ్వకాల వస్తువుకు ధర ఎంతైనా దిగుమతి లైసెన్సు కావాలి. థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష కాల్చిన కాలం చెబుతుందే గానీ భూమిలోంచి ఎలా బయటికొచ్చిందో చెప్పదు. పాత ముక్కకు కొత్త మొండెం అతికించి, పాత ముక్కలోంచే నమూనా ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

మిగతావాటికి పాత రసీదు, ఫొటో, వేలం కేటలాగు సంఖ్య, రవాణా చీటీ అడగండి. కుటుంబ సేకరణ అని నిన్న టైపు చేసిన ఉత్తరం ఆధారం కాదు. దొంగిలించిన కళాఖండాల జాబితా ఉండే ఇంటర్‌పోల్ వారి ఐడీ-ఆర్ట్ యాప్ ఉచితం, అందులో వెతకండి. కామెరూన్‌లో 1966లో దొంగిలించిన అఫో-అ-కోమ్ విగ్రహం 1973లో న్యూయార్క్ డీలరు దగ్గరే బయటపడింది. కెన్యా మిజికెండా ప్రజలు చనిపోయినవారి గుర్తుగా నిలిపే విగాంగో స్మారక స్తంభాలైతే ఏ కాగితం చూపించినా ముట్టుకోవద్దు.

కొయ్యబొమ్మ:
తల వదిలేస్తాం. పొడి సంగతి?

గూడు:
పురుగు బతికే ఉండొచ్చు, మాస్కును వెంటనే మిగతావాటికి దూరంగా పెట్టండి. పాలిథిన్‌లో గాలి తీసి సీలు చేసి, మైనస్ 20 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచండి. ఫ్రీజర్ అంతకు దిగుతోందో లేదో థర్మామీటర్‌తో చూసుకోండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, విప్పితే చల్లటి చెక్కమీద నీళ్లు పడతాయి. మందంగా రంగో బంకో ఉన్నవి ఫ్రీజర్లో పెడితే పొరలు లేస్తాయి. వాటిని ఆక్సిజన్ పీల్చే పొట్లాలతో సీలు చేసి కొన్ని వారాలు వదిలేయాలి. కిరోసిన్, పురుగుల మందు పోస్తే పాటినా (వాడకంతో ఏళ్లుగా ఏర్పడిన పైపొర) పోతుంది. తర్వాత నల్ల కాగితం మీద పెట్టి కొత్త పొడి రాలుతోందేమో చూడండి.

భూతద్దం:
ఇంకొకటి. బొమ్మలను నిలబెట్టిన పాత పీఠాలు పారేయకండి. అడుగున ఇనగాకి (పారిస్‌లో పీఠాలు చేసిన జపాన్ పనివాడు) ముద్ర ఉంటే ఆ వస్తువు ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలోనే పారిస్ చేరి ఉంటుంది. ముద్రకూ పీఠాలకూ నకిలీలున్నాయి, బొమ్మ పాదానికీ పీఠం గాడికీ సరిగ్గా కుదురుతోందా చూడండి.