సమస్య: "పసిడి తాకట్టు పెట్టగా పరువు నిలిచె"

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్సులు. 1991 జులైలో దేశం తన బంగారాన్ని విదేశీ బ్యాంకుల్లో తాకట్టు పెట్టినప్పటి పత్రికల మొదటి పేజీలు చూసినవాళ్లకు ఈ పాదం ఎక్కడిదో చెప్పక్కర్లేదు. ఇంట్లో బంగారం కుదువ పెడితే పరువు పోతుంది కదా, మరి నిలవడమేమిటి? ఈ పాదంతో ముగిసే పద్యం రాసి సమర్థించండి. ఛందస్సు పాదంలోనే ఉంది, తేటగీతి.

గోదావరి గట్టు:
డాలరుల నిల్వ లడుగంట డాబు తరిగె
దిగుమతికి రెండు వారాల తిండి మిగిలె
నలుబదేడు టన్నులు విమానాన నెక్క
పసిడి తాకట్టు పెట్టగా పరువు నిలిచె

ఓరుగల్లు ఒజ్జ: మూడో పాదం దివ్యంగా ఉంది. పాదం మొదటి 'న'కు విమానంలోని 'నా' దగ్గర యతి (అక్షర మైత్రి) పడటం చూసి ముచ్చటేసింది. రిజర్వు బ్యాంకు లెక్క 46.91 టన్నులు, పద్యానికి 47 చాలు. వచ్చిన అప్పు 40.5 కోట్ల డాలర్లు. అయితే 'తిండి' ఏమిటండీ? అప్పటి కొరత చమురుకు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడ్డాక పెట్రోలు బిల్లు పెరిగింది, గల్ఫ్ నుంచి మనవాళ్లు పంపే డబ్బు తగ్గింది. తిండికి ఓడల కోసం కాచుకున్నది 1966 ప్రాంతంలో, అమెరికా పంపిన పీఎల్-480 గోధుమల రోజుల్లో. పాతికేళ్లు అటూ ఇటూ అయ్యాయి.

గోదావరి గట్టు: ఒజ్జగారూ, తిండి మనకని ఎక్కడన్నాను? దిగుమతికి తిండి డాలరే. 'ది'కి యతి కుదిరే చమురు మాట ఒకటి చెప్పండి, మార్చేస్తాను. 'తైలం' అనకండి, 'ది'లోని ఇత్వానికి ఐత్వం ఒప్పదు.

పాలమూరు పద్యం: అందరూ జులై దగ్గరే ఆగుతారని నేను మే నెలకు వెళ్లాను.

దొంగ దారుల దిగినట్టి తులము తులము
పట్టి ప్రభుత్వ పెట్టెలోఁ బదిలపరచ
అప్పు పుట్టని యానాట నదియె దిక్కు
పసిడి తాకట్టు పెట్టగా పరువు నిలిచె

నిర్వాహకుడు: భలే! స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న బంగారమే దేశాన్ని ఆదుకుందన్న చమత్కారం ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు. కానీ రెండో పాదంలో రెండో గణం చూడండి. 'పట్టి'లో ట్టి లఘువా గురువా అన్న గొడవ ఇక్కడ వద్దు, వేరు పదాలు కాబట్టి లఘువనే అనుకుందాం. 'ప్రభుత్వ' మాత్రం నికార్సైన జగణం, ఆ చోట చెల్లదు. 'పట్టి సర్కారు పెట్టెలోఁ బదిలపరచ' అంటే చెల్లే తగణమై కూర్చుంటుంది. ప్రభుత్వం ఇమడనిచోట సర్కారు ఇముడుతుంది, ఏం చేస్తాం!

ఓరుగల్లు ఒజ్జ: గణం సరే, విషయమో? మేలో స్టేట్ బ్యాంకు ద్వారా యూనియన్ బ్యాంక్ ఆఫ్ స్విట్జర్లాండ్‌కు పోయిన ఆ 20 టన్నులు తాకట్టు కాదు. తిరిగి కొనుక్కునే షరతు మీద అమ్మకం. జులైలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర పెట్టినదే అసలు తాకట్టు. దొంగ బంగారానికీ ఈ సమస్యాపాదానికీ చుట్టరికం లేదు. మొత్తం నెపం పి.వి. గారి మీదికి నెట్టే అలవాటు మీకు లేనందుకు మాత్రం సంతోషం. మే నాటికి గద్దె మీద ఉన్నది చంద్రశేఖర్.

పాలమూరు పద్యం: తిరిగి కొంటానని సరుకు అప్పజెప్పి డబ్బు తెచ్చుకోవడాన్ని మా అంగట్లో ఏమంటారో ఒజ్జగారు ఒకసారి వచ్చి వినాలి. అయినా ఇదివరకటి ఉల్లి సమస్యలో "ఢిల్లి పీఠము కదిలెను ఉల్లి వలన" అని విసంధితో (సంధి కలపకుండా) రాసినవారు ఇవాళ షరతుల సూక్ష్మాలు చెబుతున్నారు. "ఢిల్లి పీఠము కదలించె నుల్లి గడ్డ" అని నేనిచ్చిన సవరణకు ఇప్పటికీ జవాబు లేదు.

ఓరుగల్లు ఒజ్జ: ఆ సవరణ బాగుందని అప్పుడే అన్నాను. కాకపోతే మీరు దాని కింద పెట్టిన వ్యాఖ్యలో 1980 లోక్‌సభ ఎన్నికల ఉల్లినీ, 1998 ఢిల్లీ శాసనసభ ఉల్లినీ ఒకే బుట్టలో వేశారు. మొదటిది ఇందిరా గాంధీని తెచ్చింది, రెండోది బీజేపీని దించింది.

నిర్వాహకుడు: ఉల్లి గొడవ ఉల్లి దగ్గరే. ఇక్కడ పసిడి.

చీరాల చిన్నది: రిజర్వు బ్యాంకు జోలికి పోకుండా...

పన్ను లూడిన తాతయ్య బంతిలోన
చేత నోటిని మూయుచు సిగ్గుపడగ
దంత వైద్యుండు వెస వచ్చి దవడ లోన
పసిడి తా కట్టు పెట్టగా పరువు నిలిచె

గోదావరి గట్టు: తా, కట్టు! తాకట్టును ఇలా విడగొడతారని కలలో కూడా అనుకోలేదు. అమ్మా, ఈ వారం కిరీటం మీదే. అన్వయంలో 'తా' కాస్త అడ్డం పడింది, అయినా పన్నుల శాఖ ఊసెత్తకుండా 'పన్ను'తో మొదలుపెట్టిన గడుసుదనానికి అది మాఫీ.

ఓరుగల్లు ఒజ్జ: చమత్కారం ఒప్పుకుంటాను. కట్టు మేలిమిది కాకుండా చూసుకోండి, నమిలితే అరిగిపోతుంది. రాగి, వెండి కలిపితేనే గట్టి. ఇక 1963 జనవరిలో మొరార్జీ దేశాయి 14 క్యారెట్లు మించి నగలు చేయరాదన్నారు. అంటే నూటికి 58 పాళ్లే బంగారం. కంసాలి వీధులు బోసిపోయినా మీ తాతయ్య దవడకు ఆ పాళ్లు చాలవు.

చీరాల చిన్నది: ఒజ్జగారు పద్యాన్ని కూడా గీటురాయి మీద గీస్తారు.

పాలమూరు పద్యం: నాది ఇంకొకటి.

పోయెఁ బరువంచు పత్రిక పుటలు నిండె
రెండు వందల టన్నులు నిండుగాను
మనమె కొన్నట్టి యానాడు మఱచి రదియె
పసిడి తాకట్టు పెట్టగా పరువు నిలిచె

నిర్వాహకుడు: 2009 నవంబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) దగ్గర రిజర్వు బ్యాంకు కొన్న 200 టన్నులు! రెండో పాదంలో రెండు-నిండు ప్రాసయతి సొంపుగా ఉంది. కానీ 'నిండె' కిందే 'నిండు' వచ్చింది. మొదటి పాదం చివర 'పుటలఁ గూసె' అంటే పునరుక్తి పోతుంది, పత్రికల తీరూ తెలుస్తుంది.

ఓరుగల్లు ఒజ్జ: మొదటి పాదం 1991దని చెప్పే మాట ఏదీ? 'నాడు' ఎక్కడైనా ఇరికించాలి. మిగతాది నిర్దుష్టం. ఇది పాలమూరు వారి పద్యమేనా అని రెండుసార్లు పేరు చూశాను.

పాలమూరు పద్యం: మూడోసారి కూడా చూసుకోండి, విసంధి లేదు.

నిర్వాహకుడు: వచ్చే వారానికి: "ధర పడిన వేళ రైతన్న తనిసినాడు". ఉల్లి మాత్రం వద్దు, ఒజ్జగారూ, పాలమూరు వారూ, ఇద్దరికీ చెబుతున్నాను.