"అనువునఁ బుచ్చంగవచ్చు": ఈ పుచ్చు ఏ పుచ్చు?

తుంగభద్ర గట్టు, కర్నూలు
అమ్మకు షుగరు. అరికాలి పుండు నాలుగు నెలలైనా మానలేదు. నిన్న కట్టు మార్చేటప్పుడు డాక్టరు గారు అంచున తెల్లగా మెత్తబడిన తోలును చిన్న కత్తితో గీరి తీస్తూ, "ఈ పుచ్చు పోతే గానీ పుండు మానడానికి రాసే జెల్లు పనిచేయదమ్మా" అన్నారు. అప్పటినుంచి విదురనీతిలోని తిక్కన గారి కందం నాలుక మీదే ఉంది: "తనువున విఱిగిన యలుగుల ననువునఁ బుచ్చంగవచ్చు..." చివరి పాదం "విను మెన్ని యుపాయముల వెడలునె యధిపా" అనుకుంటాను. ఈ పుచ్చు, పుచ్చుపన్నులోని పుచ్చు ఒకటేనా?

గండికోట, కడప
ముందు పాదం సరిచేయండి: "యుపాయములను". ఆ "ను" లేకపోతే ఛందస్సులో ఒక మాత్ర తగ్గి కందం కుంటుతుంది. పుచ్చు అంటే ఇక్కడ తీసివేయడం. కుళ్ళుతో దానికి సంబంధం లేదు.

పెన్న ఇసుక, అనంతపురం
అంత తేలిగ్గా తోసిపుచ్చకండి అన్నా. మన పాత వైద్యంలో శస్త్రచికిత్స పేరే శల్యతంత్రం. శల్యమంటే ఒంట్లో దిగిన అలుగు, ముల్లు. అలుగు తీసినా కుళ్ళు తీసినా చేయి చేసే పని ఒకటే. మానని పుండులో ఊరే ఎంజైములు జెల్లులోని ప్రోటీనును కొరికేస్తాయి, అందుకే ముందు గీరడం. 1997లో అమెరికాలో షుగరు పుండ్లకు అనుమతి వచ్చిన జెల్లులో ఉన్నది మన ప్లేట్‌లెట్లలో ఉండే వృద్ధికారకం లాంటిదే.

కదిరి
వృద్ధికారకం అంటే ఎరువులా వినిపిస్తుంది. అది కణానికి తిండి కాదు, కబురు. కణం పైనున్న గ్రాహకాన్ని తాకి "చీలు, పక్కకు జరుగు, ఖాళీ పూడ్చు" అని చెబుతుంది. నేనైతే "పెంపు కబురు" అంటాను.

కె.సి. కాలువ, కర్నూలు
మూడో పాదం ఎవరికీ పట్టలేదు! "మనమున నాఁటిన మాటలు". బయట పెంచి పుండు మీద పరిచే చర్మకణాలకు "నాటు" కన్నా మంచి క్రియ ఏది? 1975లో రైన్‌వాల్డ్, గ్రీన్ అనే శాస్త్రవేత్తలు చర్మకణాలను పళ్ళెంలో పెంచే పద్ధతి చూపారు. చిన్న ముక్క చాలు, మూడు నాలుగు వారాల్లో కాలిన ఒంటి మీద పరిచేంత పొర తయారవుతుంది. నారుమడి కాదా అది? నారు పోసి, పెరిగాక నాటుతాం. మడి కుళ్ళితే నారు వేరు పట్టదు. నా మాట "కణనారు".

గండికోట
తిక్కన నాటింది బాణంలా, వరిలా కాదు.

కె.సి. కాలువ
వరి వేరును కూడా బురదలో గుచ్చే నాటుతాం సార్. ముప్పై ఏళ్ళుగా ఈ చేతులతో చేస్తున్న పని.

కదిరి
నారు కంటే "అంటు" మేలు. మామిడికి కట్టేదీ అంటే. మా కటారుపల్లి వేమన్న "మనసు విరిగెనేని మరి యంట నేర్చునా" అన్నాడు కదా! పరిచిన పొర కింది కండకు అంటుకోవడమే అసలు కష్టం. ఆ పద్యం మొదటి పాదం ఎంత చదివినా తనివి తీరదు: "ఇనుము విరిగెనేని ఇనుమారు ముమ్మారు".

పెన్న ఇసుక
"ఇరుమారు" కదా?

కదిరి
మా తాత ఇనుమారు అనే చదివేవారు. ఇనుము పక్కన ఇనుమారు, చెవికి ఆ ఇంపు చూడండి.

గండికోట
ఇంపు కోసం ప్రతిని దిద్దకూడదు. ఇరు, ముమ్, రెండు మూడు సార్లు, అర్థం సూటిగా ఉంది.

తుంగభద్ర గట్టు
"ను" దిద్దినందుకు కృతజ్ఞతలు. ఇవాళ కట్టు విప్పితే పుండు అడుగున ఎర్రటి కండ ఆవగింజల్లా లేచి ఉంది. అమ్మ దాన్ని "మొలక" అంది. పుచ్చు సంగతి మాత్రం ఎవరైనా చెప్పండి.

కదిరి
చెబుతాం అక్కా. ముందు ఈ ఇనుమారు తేలనివ్వండి.