జీతం ఎక్కువని అసిస్టెంట్ కోచ్ జట్టు వదిలిపోతే తప్పు ఎవరిది?

స్టిల్‌వాటర్ పూర్వవిద్యార్థి:

స్టిల్‌వాటర్‌లోని ఓక్లహామా స్టేట్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న రోజుల నుంచి కాలేజీ ఫుట్‌బాల్ నాకు ప్రాణం. అందుకే 2021 డిసెంబరు ఇప్పటికీ మనసులోంచి పోదు. జిమ్ నోల్స్ 2018లో మా డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా, అంటే ప్రత్యర్థిని అడ్డుకునే విభాగాన్ని నడిపే అసిస్టెంట్ కోచ్‌గా వచ్చారు. మొదటి ఏడాది మా డిఫెన్స్ బలహీనంగానే ఉంది. నాలుగో ఏడాదికల్లా దేశమంతా చెప్పుకునే స్థాయికి తెచ్చారు. డిసెంబరు 4న మా లీగ్ బిగ్ 12 ఫైనల్లో బేలర్ చేతిలో 21-16తో ఓడిపోయాం. చివరి ప్రయత్నమైన నాలుగో డౌన్‌లో బంతితో పరిగెత్తిన మా రన్నింగ్ బ్యాక్ గోల్ లైన్‌కు జానెడు దూరంలో ఆగిపోయాడు. ఆ బాధ తీరకముందే, వారం తిరక్కుండా, నోల్స్ ఒహాయో స్టేట్‌కు వెళ్తున్నారని తెలిసింది. జీతం సుమారు 19 లక్షల డాలర్లు. జనవరి 1న నోటర్ డేమ్‌తో సీజన్ చివరి ఆట ఫియెస్టా బౌల్ ఆడాల్సిన జట్టును ఆయన అలాగే వదిలేసి వెళ్ళారు.

మా కుర్రాళ్ళు 28-7తో వెనకబడి కూడా ఆ ఆటను 37-35తో గెలిచారు. వాళ్ళు గెలిచారు కదా అని ఆయన వెళ్ళిన తీరు ఒప్పయిపోదు.

ఎక్కువ జీతానికి వెళ్ళడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ సీజన్‌లో చివరి ఆట ముగిసేదాకా ఉండి తీరాలి. దీన్ని ఎవరి మర్యాదకో వదిలేయకుండా ఒప్పందంలోనే రాయించాలి. మీరంతా ఏమంటారు?

కొలంబస్ నుంచి:

మీకు 2021లో జరిగింది మాకు 2025లో జరిగింది, అదే మనిషితో. 2025 జనవరి 20న మా ఒహాయో స్టేట్ 34-23తో నోటర్ డేమ్‌ను ఓడించి జాతీయ ఛాంపియన్ అయింది. ఆ సంబరాలు ముగిశాయో లేదో నోల్స్ పెన్ స్టేట్‌కు వెళ్ళిపోయారు. ఏడాదికి సుమారు 31 లక్షల డాలర్లు. పెన్ స్టేట్ ఎక్కడో దూరాన ఉన్న జట్టు కూడా కాదు, మా బిగ్ టెన్ లీగ్‌లోనే అప్పటికి మాతో ఏటా తలపడుతూ వచ్చిన జట్టు.

అయినా ఆయన్ను నేను ఒక్క మాట అనను. అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం ఎంత నికరమో చూడండి. హెడ్ కోచ్‌ను తీసేస్తే ఆయనతోపాటు ఆయన కింది కోచ్‌లందరి భవిష్యత్తూ గాలిలో పడుతుంది. కొత్తగా వచ్చే హెడ్ కోచ్ తన మనుషులను వెంటబెట్టుకు వస్తాడు. పెన్ స్టేట్ 2025 సీజన్‌ను దేశంలో రెండో ర్యాంకుతో మొదలుపెట్టింది. అక్టోబరు 12కల్లా హెడ్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్ ఉద్యోగం పోయింది. ఆరు వారాల్లో తలకిందులైపోయింది.

హెడ్ కోచ్‌లకు పోయేటప్పుడు కూడా కోట్లు అందుతాయి. 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం జింబో ఫిషర్‌ను తొలగించినప్పుడు ఆయనకు చెల్లించాల్సిన మొత్తం దాదాపు 7.6 కోట్ల డాలర్లు. ఆయన కింద లైన్‌బ్యాకర్లకు, అంటే డిఫెన్స్ రెండో వరుస ఆటగాళ్ళకు, నేర్పే మనిషికి అంత రక్షణ ఎక్కడుంది? ఇల్లు అమ్ముకోవాలి, పిల్లల బడి మార్చాలి, మళ్ళీ పని వెతుక్కోవాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మనవాళ్ళు ఊరికే అనలేదు.

కొత్త ప్రేక్షకురాలు:

మా అబ్బాయి మిషిగన్‌లో చేరాకే ఈ ఆట చూడటం మొదలుపెట్టాను. ఒక సందేహం. సంతకం చేసిన ఒప్పందం ఉంటుంది కదా? ఇంకా రెండేళ్ళు మిగిలి ఉండగా మనిషి ఎలా వెళ్ళగలడు? విశ్వవిద్యాలయం ఆపలేదా?

న్యాయశాస్త్రం:

ఆపలేదండీ. అమెరికా న్యాయస్థానాలు మనిషి చేత బలవంతంగా పని చేయించవు. నష్టపరిహారం మాత్రం ఇప్పిస్తాయి. అందుకే ఒప్పందంలో ‘బైఅవుట్’ రాసుకుంటారు. అంటే గడువు కంటే ముందే వెళ్ళేవాడు ఇంత సొమ్ము కట్టాలని. సాధారణంగా ఆ సొమ్ము కొత్త జట్టే కడుతుంది. హెడ్ కోచ్ పదవికో, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కో వెళ్తే అది తగ్గేలా, లేదా పూర్తిగా పోయేలా చాలామంది ముందే రాయించుకుంటారు.

కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒక నియమం పెట్టి అందరినీ కట్టడి చేయవచ్చు కదా అని ఈ వేదికలో తరచూ అడుగుతుంటారు. అది ఒకసారి జరిగింది, బెడిసికొట్టింది. 1992లో పై స్థాయి అయిన డివిజన్ 1లో ఫుట్‌బాల్ మినహా మిగతా క్రీడల్లో ఒక తరగతి అసిస్టెంట్ కోచ్‌ల సంపాదనకు ఏడాదికి 16,000 డాలర్ల గరిష్ఠ పరిమితి పెట్టారు. చదువు రోజుల్లో 12,000, వేసవిలో 4,000. బాస్కెట్‌బాల్ అసిస్టెంట్లు కోర్టుకెక్కారు. విశ్వవిద్యాలయాలన్నీ ఏకమై జీతాలకు పరిమితి పెట్టడం పోటీ చట్టాలకు విరుద్ధమని 1998లో అప్పీలు కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది 5.45 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ దెబ్బ తిన్న సంస్థ మళ్ళీ కోచ్‌ల జీతాల జోలికి, కదలికల జోలికి అంత తేలిగ్గా పోదు.

కాబట్టి స్టిల్‌వాటర్ గారు కోరినట్టు ‘చివరి ఆటదాకా ఉండాలి’ అన్నది ఒక్కో విశ్వవిద్యాలయం తన ఒప్పందంలో తాను రాసుకోవాల్సిందే. రాసుకున్నా, మీరితే వచ్చేది డబ్బే. మనిషి రాడు.

వీడియో గది:

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు మా విశ్వవిద్యాలయం జట్టు వీడియో విభాగంలో గంటల లెక్కన పనిచేశాను. మైదానం బయట నుంచి చూసేవాళ్ళకు ఒక కోచ్ పోయి ఇంకొకరు వస్తారు, అంతే. లోపల అలా ఉండదు.

కోఆర్డినేటర్ వెళ్తున్నాడని ఖరారైన రోజే ఆయన లాగిన్ ఆపేస్తారు. ఆట వీడియోలు, ప్రత్యర్థులపై తయారుచేసిన నివేదికలు, ఆటగాళ్ళ ట్యాబ్లెట్లలో జట్టు ఎత్తులన్నీ ఉండే ప్లేబుక్, అన్నీ ఆయనకు మూసేస్తారు. సైడ్‌లైన్ నుంచి చేతులతో చేసే సైగలన్నీ మార్చాలి, ఎందుకంటే అవి ఆయనకు కంఠతా వచ్చు. కొత్తాయన వస్తే అసలు పని అప్పుడు మొదలు. ప్రత్యర్థి పాస్‌ను అడ్డుకునే ఒకే కవరేజికి పాతాయన ఒక పేరు పెడితే కొత్తాయన ఇంకో పేరు పెడతాడు. మూడేళ్ళు ఒక మాటకు కుడికి కదిలిన సేఫ్టీ, అంటే డిఫెన్స్ చివరి వరుస ఆటగాడు, అదే మాటకు ఇప్పుడు ఎడమకు కదలాలి. వాడు ఆలోచించుకునే అర క్షణంలో పాస్ అందుకునే రిసీవర్ దాటిపోతాడు. పాత పేర్లతో ఉన్న వీడియో ముక్కలన్నిటికీ కొత్త పేర్లు పెడుతూ మేము రాత్రుళ్ళు కూర్చునేవాళ్ళం.

అయితే చివరి ఆటదాకా మనిషిని కట్టేసి ఉంచాలన్నదాన్ని నేను ఒప్పుకోను. 2016 డిసెంబరులో అలబామాలో దాడి విభాగాన్ని నడిపే అఫెన్సివ్ కోఆర్డినేటర్ లేన్ కిఫిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ హెడ్ కోచ్ పదవికి ఒప్పుకున్నారు. జాతీయ ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌లు అయ్యేదాకా ఉంటానన్నారు. సెమీఫైనల్ అయింది. రెండు ఉద్యోగాలు ఒకేసారి నడవవని తేలి, ఫైనల్‌కు వారం ముందు ఆయన్ను పంపించేశారు. స్టీవ్ సార్కీసియన్ వచ్చి ఆ ఫైనల్లో ఎప్పుడు ఏ ఎత్తు ఆడాలో చెప్పే పని చూశారు. క్లెమ్సన్ 35-31తో గెలిచింది. పగలు మీ జట్టుకు పనిచేస్తూ, రాత్రి కొత్త జట్టు కోసం కుర్రాళ్ళకు ఫోన్లు చేసే మనిషి వల్ల మీకేం లాభం?

స్టిల్‌వాటర్ పూర్వవిద్యార్థి:

అదే అలబామాలో అంతకు ముందు ఏడాది ఏం జరిగిందో కూడా చెప్పాలి కదండీ. డిఫెన్సివ్ కోఆర్డినేటర్ కర్బీ స్మార్ట్ 2015 డిసెంబరులోనే జార్జియా హెడ్ కోచ్ అయ్యారు. అయినా ఫైనల్ దాకా ఉన్నారు. 2016 జనవరి 11న అలబామా 45-40తో గెలిచాకే వెళ్ళారు. ఆ నెల రోజులూ జార్జియా పనీ చూసుకున్నారు, అలబామా పనీ వదల్లేదు. మనసుంటే కుదురుతుందనడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి?

కొలంబస్ నుంచి:

మీ ఇద్దరూ హెడ్ కోచ్ పదవికి వెళ్ళినవాళ్ళ సంగతి చెబుతున్నారు. దాన్ని ఎవరూ ఆపలేరు, ఆపకూడదు. మనం మాట్లాడుతున్నది అదే హోదాలో ఎక్కువ జీతానికి వెళ్ళేవాళ్ళ గురించి. 2018 జనవరిలో టెక్సస్ ఏ అండ్ ఎం లూసియానా స్టేట్ (ఎల్‌ఎస్‌యూ) డిఫెన్సివ్ కోఆర్డినేటర్ డేవ్ అరాండాను లాగాలని చూసింది. ఎల్‌ఎస్‌యూ నాలుగేళ్ళకు కోటి డాలర్లిచ్చి నిలుపుకుంది. 2019 సీజన్‌లో ఛాంపియన్ అయింది. అయ్యాక ఆయన బేలర్ హెడ్ కోచ్‌గా వెళ్ళారు. మిమ్మల్ని 2021లో ఆ జానెడు దూరంలో ఆపింది ఆయన జట్టే.

ఇంకో సంగతి. మనుషులు నిలిచే చోట్లు లేకపోలేదు. ఐయోవాలో ఫిల్ పార్కర్ 1999 నుంచి ఉన్నారు. 2012 నుంచి డిఫెన్సివ్ కోఆర్డినేటర్. దేశంలో ఉత్తమ అసిస్టెంట్‌కు ఇచ్చే బ్రాయిల్స్ అవార్డు 2023లో ఆయనకే వచ్చింది. వర్జీనియా టెక్‌లో బడ్ ఫాస్టర్ 1987లో చేరి 2019 దాకా ఉన్నారు. ఐయోవాలో కర్క్ ఫెరెంట్జ్, వర్జీనియా టెక్‌లో ఫ్రాంక్ బీమర్ లాంటి హెడ్ కోచ్‌లు దశాబ్దాల తరబడి కుర్చీలో ఉన్నారు కాబట్టే వాళ్ళ కింద పనిచేసేవాళ్ళు నిశ్చింతగా ఉండగలిగారు. మూడు ఆటలు ఓడితే హెడ్ కోచ్‌ను తీసేసే విశ్వవిద్యాలయం, అసిస్టెంట్ మాత్రం విశ్వాసంగా ఉండాలని ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది?

ఫ్రిస్కో అమ్మ:

మీరంతా కోచ్‌ల గురించి, విశ్వవిద్యాలయాల గురించి మాట్లాడుతున్నారు. ఇంట్లో ఆడే పిల్లాడున్న తల్లిగా నేను చూసింది చెబుతాను. మా అబ్బాయి ఇక్కడి హైస్కూల్ జట్టులో లైన్‌బ్యాకర్. మన తెలుగు ఇళ్ళలో ఈ ఆట ఆడే పిల్లలు తక్కువే. మా అత్తగారు మొదట దెబ్బలు తగులుతాయని వద్దే వద్దన్నారు.

ఒక విశ్వవిద్యాలయం నుంచి పొజిషన్ కోచ్, అంటే ఒక స్థానంలో ఆడేవాళ్ళకు నేర్పే అసిస్టెంట్, ఏడాదిన్నర పాటు మాతో మాట్లాడారు. హెడ్ కోచ్‌తో మా పరిచయం ఒక్క కరచాలనం వరకే. ఈయన మాత్రం ప్రతి ఆదివారం ఫోన్ చేసేవారు. మావాడు ఆడిన ఆట వీడియో చూసి, పలానా ప్లేలో కాలు ముందు ఎటు పడిందో చెప్పేవారు. మేము మాంసం తినమని గుర్తుపెట్టుకుని, మేము చూడటానికి వెళ్ళిన రోజు మాకు విడిగా భోజనం పెట్టించారు. మా అత్తగారు ఒప్పుకున్నది ఆయన్ను చూసే. డిసెంబరులో వాడు సంతకం చేశాడు. జనవరిలో ఆయన ఇంకో జట్టుకు వెళ్ళిపోయారు.

ఆయన మీద నాకు కోపం లేదు. ఇంటికి ఫోన్ చేసి చెప్పారు, ఆయనకూ పిల్లలున్నారు. నా కోపమంతా నియమాల మీద. హెడ్ కోచ్ మారితే ఆ జట్టు ఆటగాళ్ళు వేరే చోటు చూసుకోవడానికి, విశ్వవిద్యాలయం మారదలచినవాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో ప్రత్యేకంగా కొన్ని రోజుల గడువిస్తారు. పిల్లాడికి రోజూ నేర్పాల్సిన మనిషి మారితే ఏ గడువూ లేదు. కోచ్ ఏ రోజైనా వెళ్ళవచ్చు. పద్దెనిమిదేళ్ళ పిల్లాడు మాత్రం క్యాలెండర్ చూసుకోవాలి. ఇదేం న్యాయం?

న్యాయశాస్త్రం:

అమ్మా, మీరు చెప్పినదే అసలు చిక్కు అని నాకూ అనిపిస్తోంది. కానీ ఇప్పుడు ఆటగాళ్ళూ డబ్బు కోసం కదులుతున్నారు. 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన రాజీ ప్రకారం ఒక్కో విశ్వవిద్యాలయం మొదటి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్ళకు నేరుగా పంచవచ్చు. అసిస్టెంట్ కోచ్ మారిన ప్రతిసారీ పోర్టల్ తెరిస్తే జట్టంటూ మిగులుతుందా?

ఫ్రిస్కో అమ్మ:

అందరికీ తెరవమనడం లేదు నాయనా. ఆ కోచ్ చేతి కింద ఆడేవాళ్ళకు, అందులోనూ మొదటి ఏడాది పిల్లలకు, రెండు వారాలు చాలు. ఒక జట్టులో లైన్‌బ్యాకర్లు ఎంతమంది ఉంటారు? వాళ్ళలో కొత్తగా చేరినవాళ్ళు ముగ్గురో నలుగురో. వాళ్ళకు తలుపు తీసినంత మాత్రాన జట్టు ఖాళీ అయిపోదు.

స్టిల్‌వాటర్ పూర్వవిద్యార్థి:

ఈ మాట నా ప్రతిపాదనకు జోడిస్తాను. కోఆర్డినేటర్లకు చివరి ఆటదాకా ఉండాలన్న షరతు, మీరితే బైఅవుట్ రెట్టింపు. పొజిషన్ కోచ్ వెళ్తే అతని చేతి కింది మొదటి ఏడాది పిల్లలకు రెండు వారాల గడువు. కొత్త పిల్లలు చేజారే ప్రమాదం ఉందంటే, పొజిషన్ కోచ్‌లను ఏడాది ఒప్పందాల మీద నడిపించే విశ్వవిద్యాలయాలు మూడేళ్ళ ఒప్పందం ఇవ్వడానికి ముందుకొస్తాయని నా నమ్మకం.

కొలంబస్ నుంచి:

రెండోదానికి నా మద్దతు పూర్తిగా ఉంది. మొదటిదానికి లేదు. బైఅవుట్ రెట్టింపు చేస్తే అది కట్టగలిగేది మా ఒహాయో స్టేట్ లాంటి డబ్బున్న జట్లే. 2023లో మీరు కింది స్థాయి అయిన డివిజన్ 2లోని గానన్ విశ్వవిద్యాలయం నుంచి బ్రయన్ నార్డోను నేరుగా డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా తెచ్చుకున్నారు. ఆ ఏడాది పది ఆటలు గెలిచారు. అలాంటి మనిషి ఒప్పందంలో కూడా మీరు కోరే షరతే ఉండి, గానన్ అడిగే సొమ్ము మీ దగ్గర లేకపోతే, ఆయన్ను తెచ్చుకునేవారా?