బ్లూరేనా, హెచ్‌డీ డీవీడీనా? మన దగ్గర ఏది నడుస్తది?

నక్కలగుట్ట_32 (2007 డిసెంబర్)
డీవీడీ ప్లేయర్ మార్చాలె. టీవీ 32 అంగుళాల ఎల్‌సీడీ, 1366×768. సోఫాకు టీవీకి నడుమ పదడుగులు. డీవీడీ తర్వాత కొత్తగ వచ్చిన డిస్క్‌లు బ్లూరే, హెచ్‌డీ డీవీడీ రెండిట్ల ఏది తీసుకుంటే రెండేండ్లకు మూలకు పడకుంట ఉంటది?

లెన్స్‌మాస్టర్
బ్లూరే. రెండింటికీ ఒకటే నీలి లేజర్, 405 నానోమీటర్లు. తేడా లెన్స్‌లో ఉంది. లెన్స్ వెలుగును ఎంత వెడల్పు నుంచి ఒకచోటికి చేరుస్తుందో చెప్పే కొలత అపెర్చర్. బ్లూరేకు అది 0.85, హెచ్‌డీ డీవీడీకి 0.65. అపెర్చర్ పెరిగితే వెలుగు చుక్క చిన్నదవుతుంది, గాడులు దగ్గరదగ్గరగా పడతాయి. అందుకే ఒక్క పొరలో ఇటు 25 జీబీ, అటు 15. మన సినిమా ఇంచుమించు మూడు గంటలు. 15 జీబీని మూడు గంటలకు పంచితే సౌండుతో కలిపి సెకనుకు 11 మెగాబిట్లు, 25 అయితే 18 దాటుతుంది. వాన పాటలో, దుమ్ము లేచే ఫైట్‌లో బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయేది ఇక్కడే. రెండు గంటల ఇంగ్లిష్ సినిమాకు వేసిన లెక్క మనకు పనికిరాదు.

కాజీపేట_జంక్షన్
15 నే ఎందుకు పట్టుకున్నరు? రెండు పొరల హెచ్‌డీ డీవీడీ 30 జీబీ. మూడు గంటలకు 22 మెగాబిట్లు. వీడియోను కుదించే కొత్త పద్ధతులు వీసీ-1 గానీ హెచ్.264 గానీ వాడితే 1080 గీతల బొమ్మకు మస్తు. మీరు చెప్పే గళ్లు పాత పద్ధతి ఎంపెగ్-2 నాటి ముచ్చట. ఇంకోటి, హెచ్‌డీ డీవీడీకి రీజియన్ కోడ్, అంటే ఒక ప్రాంతం డిస్క్ ఇంకో ప్రాంతంల ఆడకుంట పెట్టే లాక్, లేదు. బ్లూరేకు ఉన్నది: అమెరికాది ‘ఏ’, మనది ‘సీ’. అమెరికాల ఉన్న పిల్లలు పంపిన డిస్క్‌కు ‘ఏ’ లాక్ ఉంటే ఇక్కడి ప్లేయర్ల ఆడది.

చౌరస్తా_సీడీ
కిరాయికి ఇచ్చే డిస్క్ గురించి ఒక్కరు మాట్లాడరేంది? డీవీడీల డేటా 0.6 మిల్లీమీటర్ల లోపల ఉంటది. హెచ్‌డీ డీవీడీల గంతే. బ్లూరేల 0.1. గీతలు పడ్డ డీవీడీని పాలిష్ మిషన్ల పెడ్తె పైన ప్లాస్టిక్ కొంచెం అరిగి మల్ల నడుస్తది. గా 0.1 పొరల ఏం అరగదీస్తరు? లోతుగ ఒక్క గీత పడ్డదంటే డిస్క్ పోయినట్టే. కిరాయి పది రూపాయలు. పోయిన డిస్క్ పైసలు ఎవరు కడ్తరు?

లెన్స్‌మాస్టర్
బ్లూరే మీద గట్టి పూత ఉంటుంది. మామూలు వాడకంలో గీత పడదు. పాలిష్ మాటే రాదు.

చౌరస్తా_సీడీ
పూత గీతలకు సరే. బిర్యానీ చేతుల ముద్రలకో?

కాజీపేట_జంక్షన్
ఆయన అడిగింది నిజం. డీవీడీల లేజర్ డిస్క్ పైభాగం దాటేటప్పుడు అర మిల్లీమీటరు వెడల్పు ఉంటది, లోపలికి పోయినకొద్ది సన్నబడ్తది. బ్లూరేల అదే పైభాగం కాడ 0.13 మాత్రమే. 0.1 మిల్లీమీటర్ల రేణువు కూసుంటే డీవీడీ వెలుగుల నూటికి నాలుగు వంతులు ఆగుతది. బ్లూరేల సగానికి పైన.

లెన్స్‌మాస్టర్
ఆగుతుంది, అందుకే చదవలేని డేటాను సరిచేసే దిద్దుబాటు కూడా వేరుగా కట్టారు. డీవీడీలో 32 కేబీ ఒక దిమ్మెగా సరిచేస్తే బ్లూరేలో 64. ఒకచోట పోయిన డేటా దిమ్మె అంతటా చెదిరి ఉంటుంది కాబట్టి మిగతాదాంతో నింపుకుంటుంది. తుడవడం తెలియాలి. మెత్తటి పొడి గుడ్డతో నడుమ నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా రుద్దితే ఆ గీత గాడి వెంటే పోతుంది, వరుసగా డేటా పోతే ఏ దిద్దుబాటూ నిలబడదు. పళ్ల పేస్టు మాత్రం వద్దు.

ములుగురోడ్డు
మా గల్లీల కేబులోడు కొత్త సినిమా ఏసిండంటే రెండు ఫార్మాట్లూ ఖతం.

భూపాలపల్లి_ఓసీ
కరెంటు ముచ్చట మర్చిపోయిన్రు. ఈ ప్లేయర్లకు కొత్త ఫర్మ్‌వేర్ (ప్లేయర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించకపోతే కొత్త డిస్క్‌లు కొన్ని తెరుసుకోవు. నెట్ తీగ పెట్టి గానీ, ఫైలు దించి సీడీ-ఆర్ల రాసి గానీ ఎక్కించాలె. నడుమల కరెంటు పోతే ప్లేయర్ మల్ల లేవది. స్టెబిలైజర్ చాలది, యూపీఎస్ మీద పెట్టి చేయుండ్రి. సీడీని తక్కువ స్పీడుల రాసి, వెరిఫై కొట్టినంకనే ప్లేయర్ల పెట్టాలె.

కాజీపేట_జంక్షన్
బ్లూరేకు ఆ బాధ ఎక్కువ. ప్లేయర్ ఏమేం చేయగలదో చెప్పే ప్రొఫైల్‌లు 1.0, 1.1, 2.0 అని మూడున్నయ్. 1.0 ప్లేయర్ల బొమ్మల బొమ్మ, అంటే సినిమా మీదనే ఒక మూలకు ఇంకో చిన్న వీడియో, రాదు. హెచ్‌డీ డీవీడీల అది మొదటి రోజు నుంచి తప్పనిసరి, నెట్ పోర్టు కూడ.

లెన్స్‌మాస్టర్
బొమ్మలో బొమ్మ చూసేదెవరండీ? సినిమా చూస్తారు.

చౌరస్తా_సీడీ
సినిమా ఏదీ? తెలుగుది ఒక్కటన్న ఉన్నదా గా 25 జీబీల? మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34కి ఇస్తున్నది. వీసీడీల 352×288 చుక్కల బొమ్మనే జనం తీసుకపోతున్నరు, సినిమా సగంల లేచి రెండో సీడీ ఏసుకొని మరీ. మీకు ప్లేయర్లు అమ్ముడుపోవాలె, గంతే కదా.

లెన్స్‌మాస్టర్
మీకేమో ర్యాకుల్లో ఉన్న వీసీడీలు చెల్లాలి. మీ లాంటివాళ్లు పాత సరుకు దులిపేదాకా ఊరంతా గళ్ల బొమ్మ చూడాలా?

చౌరస్తా_సీడీ
జర నోరు సంబాళించుకోండ్రి. డీవీడీ ప్లేయర్ లెన్స్ మార్చాలంటే ఒక సర్వీస్ సెంటరోళ్లు కొత్త ప్లేయరంత చెప్పిన్రు. నీలి లేజర్ పోతే ఎంత చెప్తరో మీరే రాయుండ్రి, రేటుతోని సహా.

లెన్స్‌మాస్టర్
రేటు నా చేతుల్లో లేదు. నేనంటున్నది ఇంతే: ఇష్టమైన పది సినిమాలు కొని దాచుకునేవాడికి ఈ డిస్క్. ప్రొజెక్టర్ ఉన్న ఇంటికి. రాత్రికి తెచ్చి పొద్దున తిరిగిచ్చే సరుకు కాదు.

చౌరస్తా_సీడీ
గది ముందే చెప్పొద్దా! గంటసేపు పొరలు, పూతలు అంటిరి. కొని దాచుకునే ఇండ్లు సుబేదారిల ఎన్ని, చౌరస్తల ఎన్ని? వందమంది చేతులు మారితేనే డిస్క్ నాకు పడ్తది. మీరు అల్మారికి అమ్ముతున్నరు, నేను సంచికి ఇస్తున్న. మనిద్దరి గిరాకి ఒకటే కాదు.

లెన్స్‌మాస్టర్
కాదు. కానీ మీ గిరాకీ కోసం నా గిరాకీ ఆగదు.

ములుగురోడ్డు
పాపం, అడిగినాయన పోయినట్టున్నడు.

లెన్స్‌మాస్టర్ (2008 జనవరి 5)
హాలీవుడ్ స్టూడియో వార్నర్ ఇన్నాళ్లూ తన సినిమాలు రెండింటికీ ఇచ్చింది. ఇక బ్లూరేకే అని ప్రకటించింది. సోనీ, డిస్నీ, ఫాక్స్ ముందు నుంచీ ఇటే. అవతల పెద్దవాటిలో యూనివర్సల్, పారమౌంట్ మిగిలాయి. కాజీపేట గారు ఏమంటారో?

కాజీపేట_జంక్షన్
ఏమంట? డిస్క్ మంచిదే, స్టూడియోలు అటు పోయినయ్. పాత డీవీడీ ఫ్యాక్టరీ లైన్లనే కొంచెం మార్చి హెచ్‌డీ డీవీడీ అచ్చు కొట్టొచ్చు అన్న లాభం ఉండె, ఇగ అది ఎవరికి కావాలె.

నక్కలగుట్ట_32
నేను ఈడనే ఉన్న. ఇగ బ్లూరే కొనాల్నా?

కాజీపేట_జంక్షన్
మీ టీవీకి ఇప్పుడు వద్దు. 32 అంగుళాల మీద 1080 బొమ్మ పూరాగ కంటికి ఆనాలంటే నాలుగడుగుల దగ్గర కూసోవాలె. ఎనిమిదడుగులు దాటితే మంచి డీవీడీల ఉండే 576 గీతల బొమ్మనే కంటికి చాలు, మీరు పదడుగుల కాడ ఉన్నరు. హెచ్‌డీఎంఐ ఉన్న డీవీడీ ప్లేయర్ తీసుకొని, సెట్టింగుల టీవీ ఆకారం 16:9 పెట్టుండ్రి. అది మరిస్తే మనుషులు పొట్టిగనో పొడుగ్గనో సాగుతరు. పాత ఏవీ కేబుల్ పసుపు వైరు మాత్రం పెట్టకుండ్రి.

చౌరస్తా_సీడీ
డిస్క్ మూడు సినిమాలు ఒక్కదాంట్ల ఉన్నది తెస్తే మాత్రం ఏ వైరు పెట్టినా గళ్లే. 4.7 జీబీల మూడు సినిమాలంటే ఒక్కోదానికి ఒకటిన్నర.